అయిదుకి రెండు

ఆ వేసవిలో మా ఇంట్లో ఎవరూ ఎవరినీ ఒక్క మాట అనలేదు. కొట్లాడుకునే ఇల్లంటే నాకు భయం లేదు. అయిదుగురు అక్కచెల్లెళ్ళ మధ్య పెరిగినదాన్ని, గిన్నెలు ఎగరని రోజు పుట్టింట్లో నాకు నిద్ర పట్టేది కాదు. కానీ మా అమ్మాయి హోటల్ ఉద్యోగం మానేసి రెండు పెట్టెలతో గుమ్మంలో దిగిన రోజు నుంచి ఇంట్లో మర్యాద మొదలైంది. ఆ మర్యాదే నా ప్రాణం తీసింది.

"ఎందుకు మానేశావే?" అని అడిగితే నవ్వింది. పెదాలు రెండు వైపులా సమానంగా సాగి, పై వరసలో ఎనిమిది పళ్ళు కనబడే నవ్వు. "ఏం లేదమ్మా, కొన్నాళ్ళు విశ్రాంతి తీసుకుందామని," అంది. ఆకలేస్తోందా అంటే, "పర్వాలేదండీ, మీ వీలు చూసుకుని పెట్టండి," అంది. కన్నతల్లిని పట్టుకుని "అండీ" అంది! నా వెనక ఇంకెవరైనా నిలబడ్డారేమోనని తిరిగి చూశాను.

నాకు ఆ గొంతు తెలుసు. ఇరవై ఆరేళ్ళు ఒక పెద్ద హోటల్లో టెలిఫోన్ ఆపరేటరుగా చేశాను. మొహాలు చూడకుండా గొంతులు విని బతికిన మనిషిని. గదిలోంచి "అంతా బాగుంది" అన్నవాడు నిజంగా బాగుండే అన్నాడో, వేణ్ణీళ్ళు రాక పళ్ళు కొరుకుతూ అన్నాడో నాకు మొదటి అక్షరం దగ్గరే తెలిసిపోయేది. మా అమ్మాయిది అతిథులతో మాట్లాడే గొంతు. డ్యూటీ దిగగానే యూనిఫారంతో పాటు దాన్నీ విప్పి కొక్కేనికి తగిలించి రావాలి. ఇది ఇంటికి వేసుకొచ్చేసింది.

ఆ చదువులో దాన్ని చేర్పించింది నేనే. హోటల్, టూరిజం మేనేజ్‌మెంట్‌లో రెండేళ్ళ మాస్టర్స్. భూముల సర్వే ఆఫీసులో గొలుసు పట్టుకుని హద్దులు కొలిచే మా ఆయన మొదటి నుంచీ వద్దన్నాడు. "వచ్చినవాళ్ళని రండి, కూర్చోండి అనడానికి మాస్టర్స్ డిగ్రీ ఎందుకోయ్?" అన్నాడు. నేను వినలేదు. స్విచ్‌బోర్డు ముందు కూర్చుని పైఅంతస్తు మేనేజర్ల గొంతులు వింటూ, ఆ కుర్చీలో నా కూతురుంటే ఎంత బాగుంటుందో అని ఏళ్ళ తరబడి అనుకున్నదాన్ని. ఇప్పుడది మా ముందుగదిలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఎదురింటి గోడ చూస్తోంది. నా ముచ్చట దాని నెత్తిన రుద్ది దాని బతుకు పాడుచేశానా అని నాకు అన్నం సయించేది కాదు.

ఇంతలో మా ఆడపడుచు భర్త కబురు పంపాడు. ఆయనకి ఇనప గొట్టాల కొట్టుంది. ఆఫీసు గదిలో ఒక కుర్చీ ఖాళీ అయింది, వేసవి సెలవులు అయ్యేలోపు అమ్మాయి ఊ అంటే దానిదే అన్నాడు. మా ఆయన ఆ సంగతి చెప్పగానే అమ్మాయి మళ్ళీ అదే నవ్వు నవ్వింది.

"తప్పకుండా నాన్నా. పరిశీలించి మీకు తెలియజేస్తాను."

ఆయన మురిసిపోయాడు. "చూశావా, ఒప్పుకుంది," అన్నాడు నాతో. ఒప్పుకోవడమా, నా మొహమా! అతిథి అర్ధరాత్రి ఏనుగుని తెచ్చిపెట్టమన్నా మా హోటల్లో ఆ మాటే చెప్పేవాళ్ళం.

*

అదే రోజుల్లో అమ్మాయి చదివిన కాలేజీ నుంచి నాకే పని వచ్చింది. ఆ కోర్సు పూర్తిచేసి వెళ్ళినవాళ్ళందరికీ ఫోన్ చేసి, చదువుతో ఎంత తృప్తిగా ఉన్నారో అడగాలట. ఫోన్లో ఓపిగ్గా మాట్లాడేవాళ్ళు కావాలని మా పాత హోటల్‌ని అడిగితే, వాళ్ళు నా పేరు చెప్పారు. ఇంట్లో అందరూ ఆశ్చర్యపోయేలా వెంటనే ఒప్పుకున్నాను. నాకు తెలియాల్సింది ఒక్కటే. ఆ చదువు చదివినవాళ్ళంతా ఇలా అయ్యారా, మా పిల్లొక్కతేనా? తప్పు చదువుదా, నాదా?

సెలవులు కాబట్టి మమ్మల్ని ప్రాక్టికల్ గదిలో కూర్చోబెట్టారు. ఒక పక్క ఉత్తుత్తి రిసెప్షన్ కౌంటరు, వెనక తాళంచెవులు వేలాడే చెక్కపలక. ఇంకో పక్క ఉత్తుత్తి హోటల్ గది: మంచం, రెండు దిండ్లు, నీళ్ళు రాని కుళాయి. పిల్లలు దుప్పటి పరవడం ఆ మంచం మీదే నేర్చుకుంటారు. వేలసార్లు పరిచిన మంచం, ఒక్కరూ పడుకోని మంచం. కౌంటరు వెనక నేనూ, స్టాటిస్టిక్స్ చదివిన ఒక అమ్మాయీ. ఆమెని అందరూ లెక్కలమ్మాయి అనేవారు. నేను ఆపరేటరమ్మని.

డిపార్ట్‌మెంటు పెద్ద, ప్రొఫెసర్ గారు, మెడ దాకా గుండీలు పెట్టుకున్న మనిషి. ముద్రించిన ఫారాల కట్ట మా ముందు పెట్టాడు.

"పధ్నాలుగు ప్రశ్నలు. ఉన్నది ఉన్నట్టు చదవాలి. ఒక్క మాట కలపకూడదు, తియ్యకూడదు. ఒకటంటే బొత్తిగా తృప్తి లేదు, అయిదంటే పూర్తి తృప్తి. చివరి ప్రశ్నకి మాత్రం అవును, కాదు."

"మావాళ్ళెవరైనా జాబితాలో ఉంటే?" అన్నాను.

"మీరు చెయ్యకూడదు. పక్కవాళ్ళకివ్వాలి. మూడుసార్లు చేసినా ఎత్తకపోతే కొట్టెయ్యాలి."

మొదటి వారమంతా అయిదులే. "అయిదండీ." "అయిదు మేడమ్." "తప్పకుండా అయిదే మేడమ్, ఇంకేమైనా సహాయం కావాలా?" పైగా ఎదురు నన్నే అడిగేవాళ్ళు, భోజనం అయిందా, మీ దగ్గర ఎండలెలా ఉన్నాయి, అంతసేపు కూర్చుంటే నడుం పట్టేస్తుంది కదా అని. నేను సర్వే చేస్తున్నానో, వాళ్ళ హోటల్లో గది తీసుకున్నానో నాకే తెలిసేది కాదు. ఫిర్యాదు వినడమే తప్ప చెయ్యడానికి వీళ్ళకి నోరు రాదు. ఒకడు వెనక ఎవరో గిన్నెల బుట్ట కింద పడేసినట్టు పెద్ద చప్పుడవుతున్నా, "ఉద్యోగ వాతావరణం చాలా ప్రశాంతం, అయిదు," అన్నాడు.

ప్రొఫెసర్ గారు వారం లెక్క చూసి చేతులు రుద్దుకున్నాడు. "తొంభై ఏడు శాతం! చూశారా!"

"సార్, జ్వరం వచ్చినవాడికీ రానివాడికీ థర్మామీటరు ఒకటే చూపిస్తే దాన్ని పారెయ్యాలి సార్," అంది లెక్కలమ్మాయి.

"మంచి మార్కులొచ్చినా తప్పేనా అమ్మా?" అని ఆయన నొచ్చుకుని వెళ్ళిపోయాడు. నాకూ నీరసం వచ్చింది. ఇంటి దగ్గర ఒక అయిదు, ఇక్కడ వంద అయిదులు.

*

రెండో వారంలో ఒకాయనకి ఫోన్ చేశాను. ఒక పెద్ద హోటల్లో పెళ్ళిళ్ళు, విందులు చూసుకునే మేనేజరు. పధ్నాలుగూ అయ్యాయి, చివరిది తప్ప అన్నీ అయిదులే. ధన్యవాదాలు అని చదివి ఆగాను.

హోటల్లో చేరిన మొదటి రోజే చెప్పే నియమం ఒకటుంది. అతిథి ఫోన్ పెట్టాకే మనం పెట్టాలి. ఇరవై ఆరేళ్ళలో నేను ముందు పెట్టిన పాపాన పోలేదు. అటు ఆయనకీ అదే నియమం. నాకు ఆయన అతిథి, ఆయనకి నేను అతిథిని. ఇద్దరం రిసీవర్లు పట్టుకుని ఊపిరి వింటూ కూర్చున్నాం.

"మీరు పెట్టండి మేడమ్," అన్నాడు చివరికి.

"మీరు పెట్టండి బాబూ."

"అయ్యో, నేనెలా పెడతాను?"

నాకు నవ్వొచ్చింది. ఆయనా నవ్వాడు. ఆ నవ్వులో గొంతు జారి, అసలు మనిషి బయటికొచ్చాడు.

"మేడమ్, ఒక మాట. ఆ అయిదులన్నీ నిజం కాదు లెండి. చేతిరుమాలు ఇరవై రకాలుగా మడవడం నేర్పారు. ఒకే హాలు ఇద్దరికి రాసేసి, రెండు పెళ్ళివారూ ఒకేసారి మెట్లెక్కి వస్తుంటే ఎవరికి ఎదురెళ్ళాలో నేర్పలేదు."

"మరి ఎవరికి ఎదురెళ్ళారు?"

"ఇద్దరికీ. ఇద్దరి చేతా తిట్లు తిన్నాను." మళ్ళీ నవ్వాడు. "అయినా ఈ పని మానను మేడమ్. ఇంట్లో కూర్చుంటే నాకు పిచ్చెక్కుతుంది. మూడు వేసుకోండి, న్యాయంగా ఉంటుంది."

మార్కు మార్చే అధికారం నాకు లేదు. ఫారం చివర 'ఇతర వ్యాఖ్యలు' అని రెండు గీతలున్నాయి. అక్కడ చీమంత అక్షరాలతో మొత్తం రాశాను.

ఆ రోజు నుంచి నేను ఒక్క మాట కలపలేదు, తియ్యలేదు. ధన్యవాదాలు చెప్పి ఊరుకునేదాన్ని, అంతే. వాళ్ళు పెట్టేవాళ్ళు కాదు, నేను పెట్టేదాన్ని కాదు. అర నిమిషం మౌనాన్ని హోటల్ మనిషి తట్టుకోలేడు. ఒక టూరిస్టు గైడు, పుస్తకంలో నది పొడవెంతో చెప్పారు గానీ నలభై మందిలో ముగ్గురు తప్పిపోతే ఏం చెయ్యాలో చెప్పలేదంది. ఆ ముగ్గురూ బస్సులోనే నిద్రపోతుంటే ఊరంతా వెతికిందట. ఒకడు ఇప్పుడు టైర్ల కంపెనీలో ఉన్నాడు, ఏం పశ్చాత్తాపం లేదు, ఆ చదువు పుణ్యాన మా ఇంట్లో అత్తాకోడళ్ళని సర్దేది నేనే మేడమ్ అన్నాడు. ఇంకొకామె ఏడ్చింది. రెండేళ్ళు దండగ, ఎవరితో అంటే ఏమనుకుంటారోనని నవ్వుతూ తిరుగుతున్నానంది. మా అమ్మాయి ఈమె లాంటిదా, ఆ విందుల మేనేజరు లాంటిదా?

ఇంటికెళ్ళి చూస్తే అమ్మాయి ఉతికిన బట్టలు అంచులు కలిపి మడతపెడుతూ, "ఈ రోజు ఎలా గడిచిందమ్మా?" అని అడిగేది. బాగానే గడిచిందే అనేదాన్ని. చివరికి నేనూ దానికి అయిదే ఇస్తున్నానని అప్పుడు తట్టింది.

వేసవి చివరి వారంలో మా ఆయన కూడా పట్టు బిగించాడు.

"ఆదివారం బావకి మాట చెప్పాలి. నువ్వు ఎక్కించిన పిచ్చి నువ్వే దించు. పెద్ద హోటలు, పెద్ద హోటలు అని పసిదాని బుర్ర తినేశావు. చూడు, ఇంట్లో చుట్టంలా తిరుగుతోంది."

మామూలుగా అయితే ఆయన ఒకటంటే నేను పది అనేదాన్ని. ఆ పూట ఒక్కటీ అనలేకపోయాను. ఆయన కూడా నా వంక కంగారుగా చూసి, మంచినీళ్ళు కావాలా అని అడిగాడు.

*

మా అమ్మాయి నంబరు నా కట్టలోనే వచ్చింది. నియమం ప్రకారం లెక్కలమ్మాయికిచ్చాను. బుధవారం చేసింది, ఎత్తలేదు. గురువారం ఉదయం చేసింది, ఎత్తలేదు. మధ్యాహ్నం మళ్ళీ చేసింది. మోగి మోగి ఆగిపోయింది.

"మూడయ్యాయి ఆపరేటరమ్మా," అంది మెల్లగా. కాలేజీ అంటేనే ఫోన్ ఎత్తడం లేదంటే ఆ పిల్లకి ఎంత విరక్తి పుట్టిందో అనుకున్నాను. శుక్రవారం వచ్చింది, సర్వే ఆఖరి రోజు. లెక్కలమ్మాయి నా మొహం చూసింది, ఫారం చూసింది, దాన్ని కొట్టెయ్యకుండా కౌంటరు మీద పెట్టింది.

"టీ తాగి వస్తాను. పది నిమిషాలు పడుతుంది," అని వెళ్ళిపోయింది. ఆమె టీ తాగగా నేనెప్పుడూ చూడలేదు.

నా ఫోన్ నుంచే చేశాను. రెండో రింగుకి ఎత్తింది.

"ఏమైందమ్మా? బాగానే ఉన్నావా? పనివేళ ఎప్పుడూ చెయ్యవు కదా?"

"నేను మీ అమ్మని కాను. కాలేజీ నుంచి మాట్లాడుతున్నాను. మీరు చదివిన కోర్సు గురించి పధ్నాలుగు ప్రశ్నలున్నాయి. మీకు వీలవుతుందా?"

అవతల ఏదో పుస్తకం మూసిన చప్పుడైంది.

"ఆ మాయదారి నంబరు మీదేనా? రెండు రోజులుగా చంపుతోంది. సరే, అడగండి."

ఉన్నది ఉన్నట్టు చదివాను. "మొదటి ప్రశ్న. పాఠ్యాంశాలతో మీరెంత తృప్తిగా ఉన్నారు?"

"రెండు."

పెన్ను ఆగిపోయింది. "ఎంత?"

"రెండు. ఇంకా కావాలంటే ఒకటిన్నర. పాతికేళ్ళ కిందటి పుస్తకాలు."

నూట పన్నెండు ఫోన్లలో నాకు వచ్చిన మొదటి రెండు అది. మా అమ్మాయి స్కూల్లో ఫస్టొచ్చినప్పుడు కూడా నాకంత సంతోషం కలగలేదు. కళ్ళు మసకబారి రెండో ప్రశ్న కనబడలేదు. తుడుచుకుని చదివాను.

"అధ్యాపకులు?"

"మూడు. ఆ దుప్పట్ల మాస్టారికి విడిగా వెయ్యొచ్చా?"

"కుదరదు."

"అయితే నాలుగు, ఆయనొక్కడి కోసం. నలభైసార్లు పరిపించి నలభైసార్లు లాగేశాడు. పరిచిన మంచం మీద మనిషి పడుకుంటాడే, నీ మార్కులు పడుకోవు అనేవాడు."

"శిక్షణ కోసం పంపిన హోటల్?"

"ఒకటి. సున్నా లేదా? ఆర్నెల్లూ మాసిన బట్టల సంచులు మోయించారు. ఒక్క అతిథి మొహం చూడలేదు. ఒక్క నిమిషం ఉండండి."

ఫోన్ దేనిమీదో పెట్టింది. దూరంగా ఒక ముసలాయన గొంతు, కోపంగా. "ఏమమ్మా, ఆ గదిలో ఫ్యాను తిరగడం లేదు."

"తిరుగుతుంది తాతగారూ. స్విచ్చు మంచం వెనకుంది. ఏ మహానుభావుడు పెట్టించాడో!"

"అన్నీ నొక్కాను. నన్ను వంగమంటావా ఈ వయసులో?"

"వంగొద్దు. పదకొండో గదిలోకి వెళ్ళండి, కిటికీ ఉంది, రోడ్డు కనబడుతుంది, మీకు కాలక్షేపం. కానీ బస్సుల హారన్లకి నిద్ర పట్టకపోతే మాత్రం నన్ను అనకూడదు."

"అంటాను."

"అనండి. నేనూ అంటాను."

ఇద్దరూ నవ్వారు. నేను ఇరవై ఆరేళ్ళు గొంతులు విన్నదాన్నని చెప్పాను కదా. విసుగూ, ఎగతాళీ, ఆపేక్షా అన్నీ కలిసిన ఆ గొంతు చిన్నప్పటి నుంచీ నాతో జుట్టు పట్టుకుని పోట్లాడిన గొంతు. దానికి ఏ జబ్బూ లేదు. ఉత్తుత్తి కౌంటరు మీద తల వాల్చేశాను.

మళ్ళీ ఫోన్ తీసింది. "ఆ, చెప్పండి."

"ఎక్కడున్నావే నువ్వు?"

"కాలేజీవాళ్ళు అలా అడగొచ్చా? ముందు మీ ప్రశ్నలు కానివ్వండి."

కానిచ్చాను. రెండులు, మూడులు, మధ్యలో పాపం ఒక నాలుగు. చివరిదానికి వచ్చాను.

"మళ్ళీ అవకాశం వస్తే ఇదే కోర్సులో చేరతారా?"

"చేరతాను."

అవును అన్నచోట టిక్కు పెట్టాను. ధన్యవాదాలు చదివాను. అది పెట్టలేదు, నేనూ పెట్టలేదు.

"అమ్మా," అంది కాసేపటికి. "బస్టాండు వెనక లాడ్జిలో ఉన్నాను. పద్దెనిమిది గదులు. మీరిద్దరూ పనికెళ్ళాక వచ్చి, మీరు వచ్చేలోపు వెళ్ళిపోతున్నాను. పన్నెండు రోజులైంది. కౌంటరు దగ్గర సొంత ఫోన్లు మాట్లాడకూడదని రూలు, నేనే పెట్టాను. అందుకే ఎత్తలేదు."

"నాకు చెప్పడానికేం పోయేకాలం వచ్చిందే?"

"నువ్వు పెద్ద హోటల్ కలగన్నావు. నీ కళ్ళలోకి చూసి లాడ్జి అని చెప్పలేకపోయాను." గొంతు కొంచెం తగ్గింది. "మానేసిన ఆ హోటల్లో నన్ను కౌంటరు మీంచి తీసేసి ఒక గదిలో కూర్చోబెట్టారమ్మా. కంప్యూటర్లో వచ్చిన ఫిర్యాదులన్నిటికీ క్షమాపణ రాయడమే పని. రోజుకి నూట యాభై. ఎవరి నీళ్ళు చల్లగా ఉన్నాయో, ఎవరి దిండు గట్టిగా ఉందో, వాళ్ళెవరో నాకు తెలియదు. చెయ్యని తప్పుకి క్షమించండి, క్షమించండి అని రాసి రాసి, ఆఖరికి గోడకి మోచెయ్యి తగిలినా క్షమించండి అన్నాను. ఆ రోజే పెట్టె సర్దుకున్నాను. నాకు మనుషులు కావాలమ్మా. ఎదురుగా నిలబడి తిట్టే మనుషులు."

"నేను నీ నెత్తిన రుద్దాననుకున్నాను తల్లీ. రోజూ ఏడుస్తున్నాను."

"రుద్దావు. దానికి నీకు రెండే. కానీ చదువు నాకు పట్టింది, ఏం చెయ్యను?" అని, వెంటనే ఎవరితోనో, "ఆ బకెట్టు మెట్ల మీద పెడితే ఎవరి కాళ్ళు విరగాలయ్యా?" అని కేకేసింది. "ఉంటానమ్మా," అంది.

లెక్కలమ్మాయి వచ్చి ఫారం చూసింది. రెండులూ మూడులూ వేలితో తడుముతూ చాలాసేపు చదివింది.

"ఈ నెలంతటికీ ఒక్క నిజమైన ఫారం వచ్చింది. రూలు ప్రకారం ఇది చెల్లదు," అంది. నా చేతిరాత గుర్తుపట్టినట్టే ఉంది. 'మూడుసార్లు చేసినా ఎత్తలేదు' అని రాసి అడ్డంగా గీత కొట్టేసింది.

ప్రొఫెసర్ గారు శాతాలన్నీ అయ్యాక నేను చీమంత అక్షరాలతో రాసిన వ్యాఖ్యలు తీశాడు. ఇవన్నీ ఎవరు రాయమన్నారని మొదట మండిపడ్డాడు. తర్వాత గుండీ విప్పుకుని కూర్చుని సాయంత్రం దాకా చదివాడు. కోపంగా ఉన్న మనిషి ముందు నిలబడ్డం ఎలాగో నేర్పడానికి వచ్చే ఏడు ప్రాక్టికల్ పెడదామన్నాడు. ఆ కోపిష్టి మనిషి వేషానికి నన్ను రమ్మన్నాడు. దానికి నాకు వేషం అక్కర్లేదన్నాను.

*

ఆ రాత్రి అన్నాల దగ్గర అమ్మాయి తనే చెప్పేసింది. మా ఆయన ముద్ద నోటి దాకా తెచ్చి ఆపాడు.

"లాడ్జిలోనా? మాస్టర్స్ చదివి బస్టాండు వెనక తాళాలందించే పనా?"

"అవును నాన్నా, తాళాలే. పోగొట్టినవాళ్ళని కడిగేస్తాను కూడా."

"చూసినవాళ్ళు నవ్వరా?"

"నవ్వనీ. నువ్వు ఎండలో గొలుసు పట్టుకుని ఊళ్ళ వెంట నడిస్తే ఎవరు నవ్వారు?"

"నాకూ దానికీ పోలికేంటే?"

"నీకు నీ పని ఇష్టం కదా, అదే పోలిక!"

ఇద్దరి గొంతులూ లేచాయి. గ్లాసు దొర్లింది. పక్కింటావిడ కిటికీ తెరిచిన చప్పుడు వినబడింది. నేను మాత్రం కంచం ముందు కూర్చుని, ఎన్నాళ్ళకో కడుపునిండా తిన్నాను. చివరికి ఆయన చెయ్యి కడుక్కుని, "ఆదివారం బావకి ఏం చెప్పమంటావు?" అన్నాడు. "నీ ఇష్టం," అని అమ్మాయి గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది.

శనివారం మధ్యాహ్నం ఆయన గొడుగు పట్టుకుని బయల్దేరాడు. ఎక్కడికంటే చెప్పలేదు. రెండు గంటల తర్వాత వచ్చి, చెప్పులు విప్పి, గోడకి చేరగిలబడ్డాడు. మొహం చూస్తే కోపమో కాదో పోల్చుకోలేకపోయాను. నేనూ అడగలేదు. ఆయన్ని అడిగితే చెప్పడు, అడక్కపోతే ఆగలేడు. కానీ ఆ రోజు ఆగాడు.

ఆదివారం పొద్దున్నే ఇనప గొట్టాల బావగారు ఫోన్ చేశాడు. అమ్మాయి అప్పటికే డ్యూటీకి వెళ్ళిపోయింది. మా ఆయన ఫోన్ చెవికి ఆనించి గది మధ్యలో నిలబడ్డాడు. నేను వంటింటి గుమ్మం పట్టుకుని నిలబడ్డాను. ఆయన నోట్లోంచి ఏ మాట వస్తే దాని బతుకు అటు తిరుగుతుంది.

"లేదు బావా," అన్నాడు. "రాదు. నీ కుర్చీ వేరేవాళ్ళకిచ్చెయ్యి. లేదు లేదు, ఉద్యోగంలో ఉంది. లాడ్జి. అవును, లాడ్జే, సరిగ్గానే విన్నావు." అవతల ఏదో పెద్దగా అంటున్నారు. ఆయన వింటూ మీసం రుద్దుకున్నాడు.

"అది కాదు బావా, నిన్న నేనే వెళ్ళాను. గది కావాలన్నాను, ఏం చేస్తుందో చూద్దామని. పెద్దాయనెవరికో మందుబిళ్ళ వేయిస్తూ, ఇంకెవరినో బస్సెక్కిస్తూ, అంత హడావిడిలో నా వంక చూసింది. కుర్చీ చూపించింది. మంచినీళ్ళిచ్చింది. రిజిస్టరు తీసి, పేరు, ఊరు, ఏం పనిమీద వచ్చారు అని అడిగింది. నేను నీ నాన్ననే అన్నాను. సంతోషం, గుర్తింపు కార్డు చూపించండి అంది." ఆయన ఫోన్ రెండో చెవికి మార్చుకున్నాడు. "కన్నతండ్రిని బావా! కార్డు లేకుండా గది ఇవ్వనంది. బయటికి పంపించేసింది. అలాంటి మనిషిని నీ గొట్టాల దగ్గర పెడితే నీకే కష్టం."

ఫోన్ పెట్టేసి నా వైపు తిరిగాడు. కళ్ళు రెండూ నీళ్ళు, మొహమంతా నవ్వు.

"ఏమోయ్, నా కార్డెక్కడుంది? రేపు మళ్ళీ వెళ్ళాలి," అన్నాడు.